ఒకే పేరు, ఒకే ఊరు: పూర్వీకులు ఇద్దరా, ముగ్గురా?

మీ ప్రశ్నను నాకు అర్థమైన మేరకు ముందు తిరిగి చెబుతాను. ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. ఒకే ఊరిలో, ఒకే ఇంటిపేరుతో, ఒకే పేరుతో మీకు 14 పత్రాలు దొరికాయి. వాటిలో 1798లో ఒక జననం, 1821లోనూ 1849లోనూ రెండు వివాహాలు, 1838 నాటి దస్తావేజులో పేరు పక్కన ‘చిన్న’ అని రాసి ఉన్న ఒక సాక్షి, 1863లో ఒక మరణం, 1867లో ఒక బిడ్డ పుట్టుక, 1871లో ఒక భూమి విక్రయం ఉన్నాయి. మిగిలినవి పన్ను జాబితాలు, జనగణన పుటలు. ఇంటర్నెట్‌లో మీ కంటబడిన వంశవృక్షం వీటన్నిటినీ ఒక్క మనిషికే అంటగట్టి, 1863 నాటి మరణాన్ని మాత్రం ఇంకెవరిదో అన్నట్టు వదిలేసింది. ఇందులో ఇద్దరు మనుషులు కలిసిపోయి ఉండవచ్చునని మీ అనుమానం. వారిలో మీ పూర్వీకుడెవరో ఎలా తేల్చుకోవాలని అడిగారు.

అనుమానం సరైనదే, కాని ప్రశ్న ఒక మెట్టు ముందుకు దూకింది. ‘వీరిలో మావాడెవడు’ అని అడిగినంతసేపూ ప్రతి పత్రాన్నీ మనకు కావలసిన మనిషి వైపు లాగుతూనే ఉంటాం. ముందు అడగవలసింది ‘ఈ పేరుతో ఈ ఊరిలో ఎంతమంది బతికారు’ అని. దానికి జవాబు రావాలంటే మీకు ఏమీ కాని మనిషి జీవితాన్ని కూడా పుట్టుక నుంచి చావు వరకు రాయక తప్పదు. ఈ పనిలో చాలామంది ఆగిపోయేది అక్కడే. పరాయివాడి కోసం నెలల తరబడి రికార్డులు వెదకడం వృథా శ్రమగా తోస్తుంది. నిజానికి మీ పూర్వీకుడిని గుర్తుపట్టే దారి ఆ పరాయివాడి మీదుగానే వెళుతుంది, ఎందుకంటే అతనివని తేలిన పత్రాలు తీసేశాక మిగిలినవాటితోనే మీ మనిషి రూపు కడతాడు.

అందుచేత మొదటి పనిగా ఆ వంశవృక్షాన్ని మూసివేసి, 14 పత్రాలను 14 మంది మనుషులవి అనుకోండి. ఒక్కొక్కదానికి ఒక సంఖ్య వేసి, తేదీ, స్థలం, పేరు రాసిన తీరు, వయసు, వృత్తి, తండ్రి పేరు, భార్య పేరు, సంతకమా నిశానీయా, పక్కన కనిపించే ఇతరుల పేర్లు అన్నీ వరుసగా ఒక పట్టికలో దించండి. పత్రంలో లేని వివరం గడిని ఖాళీగానే ఉంచాలి. ‘ఇతనే కదా’ అని మరో పత్రం నుంచి తెచ్చి నింపకూడదు. ఆ తర్వాత ఏ రెండు పత్రాలను కలపాలన్నా పేరు కాకుండా మరొక కారణం చూపగలగాలి. ఈ నియమం మొదట్లో చాదస్తంగా కనిపిస్తుంది. చాలా ఏళ్ళ క్రితం నేను దీన్ని పక్కనపెట్టి ఇద్దరు దాయాదులను ఒకే మనిషిగా రాసి పెట్టాను. రెండేళ్ళ తర్వాత తప్పు తెలిసి దిద్దుకునేసరికి, నా రాత ఎనిమిదిమంది ఇతరుల వంశవృక్షాలలోకి పాకిపోయి ఉంది. అందులో ఒకరు నా పొరపాటునే ఆధారంగా చూపి నాతో వాదించారు.

పేరును నమ్ముకుంటే ఏమవుతుందో చెప్పడానికి సంగీతకారుడు బీథోవెన్ కుటుంబాన్ని మించిన ఉదాహరణ నాకు తెలియదు. అతని తాత పేరు లుడ్విగ్. 1769 ఏప్రిల్‌లో పుట్టి కొద్ది రోజులకే చనిపోయిన అన్న పేరు లుడ్విగ్ మరియా. మనకు తెలిసిన లుడ్విగ్‌కు 1770 డిసెంబరు 17న బాప్తిస్మం జరిగింది. అయితే తాను 1772లో పుట్టానని బీథోవెన్ గట్టిగా నమ్మేవాడు. 1810లో తన బాప్తిస్మ పత్రం నకలు పంపమని స్నేహితుడికి రాస్తూ, తనకు ముందు అదే పేరుతో ఒక అన్న ఉండేవాడు, జాగ్రత్త అని హెచ్చరించాడు. తీరా 1770 తేదీతో సరైన నకలే వచ్చినా, అది చనిపోయిన అన్నదేనన్న అనుమానం అతన్ని వదలలేదు. తన పేరున్న పత్రం తనదో కాదో సొంత మనిషే తేల్చుకోలేకపోయాడు. చనిపోయిన బిడ్డ పేరును తర్వాతి బిడ్డకు పెట్టడం అనేక దేశాలలో సాధారణంగా జరిగేది గనుక, మీ 1798 నాటి జననాన్ని కూడా అంత తేలికగా నమ్మవద్దని మనవి. ఆ బిడ్డ బతికి బట్టకట్టాడా? 1798 తర్వాతి అయిదారేళ్ళలో అదే తల్లిదండ్రులకు అదే పేరుతో మరో బిడ్డ నమోదై ఉంటే మొదటి బిడ్డ పోయాడనే అనుకోవచ్చు. అప్పుడు 1821 నాటి పెళ్ళికొడుకు వయసు లెక్క మొత్తం మారిపోతుంది. శిశు మరణాల పుటలు ఒకసారి తిరగవేయండి.

ఇప్పుడు మీ 1838 నాటి ‘చిన్న’ దగ్గరికి వస్తాను, ఎందుకంటే నా దృష్టిలో మీ చిక్కుముడి కొస అక్కడే ఉంది. మీరు ఆ సాక్షిని 1821లో పెళ్ళి చేసుకున్న మనిషి కొడుకుగా తీసుకున్నారు. లెక్క చూడండి: ఆ పెళ్ళికి పుట్టిన కొడుకు 1838 నాటికి పదహారు పదిహేడేళ్ళకు మించి ఉండడు. ఆ వయసు పిల్లవాడిని దస్తావేజుకు సాక్షిగా పెట్టుకోవడం చాలా అరుదు. ఇంకా ముఖ్యమైన విషయమేమంటే, పాత పత్రాలలో ‘పెద్ద’, ‘చిన్న’, ‘సీనియర్’, ‘జూనియర్’ అనే మాటలు తండ్రీకొడుకుల సంబంధాన్ని చెప్పవు. ఆ ఊరిలో ఆ సమయానికి అదే పేరుతో మరో పెద్దవాడు సజీవంగా ఉన్నాడని మాత్రమే చెబుతాయి. ఆ పెద్దవాడు తండ్రి కావచ్చు, పెదనాన్న కావచ్చు, ఏ చుట్టరికమూ లేనివాడూ కావచ్చు. రోమన్ చరిత్రలో పెద్ద ప్లినీ, చిన్న ప్లినీ తండ్రీకొడుకులు కారు, మేనమామ మేనల్లుళ్ళు. పైగా ఈ బిరుదు మనిషికి శాశ్వతంగా అతుక్కుని ఉండదు. పెద్దవాడు పోగానే చిన్నవాడు పెద్దవాడవుతాడు, లేదా ఆ మాటే రాలిపోతుంది. పదేళ్ళ తేడాతో రెండు పత్రాలలో ‘పెద్ద’ అని కనిపిస్తే అది ఇద్దరు వేర్వేరు మనుషులైనా కావచ్చు.

అంటే మీ 1838 నాటి ‘చిన్న’ సాక్షి 1798లో పుట్టినవాడే అయ్యే అవకాశం బలంగా ఉంది. అప్పటికి అతనికి 40 ఏళ్ళు. అతన్ని చిన్న అనాలంటే అతనికంటే పెద్ద వయసున్న మూడో మనిషి ఆ ఏడాది బతికే ఉండాలి. మీ జాబితాలో అతను ఎక్కడా లేడు. లేదా మీ పత్రాలలోనే ఒకటి రెండు అతనివై ఉండి, వాటిని మీరు మరొకరి ఖాతాలో వేశారు. 1863 మరణ పత్రంలో వయసు ఎంత రాసి ఉందో మీరు చెప్పలేదు. 65 అని ఉంటే 1798 మనిషికి సరిపోతుంది. 85, 90 అని ఉంటే ఆ మరణం ఈ మూడో మనిషిదే కావచ్చు. అప్పుడు 1867లో బిడ్డ తండ్రి, 1871లో భూమి అమ్మినవాడు 1798 మనిషి కావడానికి ఉన్న అడ్డు తొలగిపోతుంది. తొలగినంత మాత్రాన అతనే అని కాదు. 69 ఏళ్ళ వయసులో బిడ్డ అసాధ్యం కాకపోయినా, దానికి గట్టి రుజువు కావాలి.

1849 వివాహానికి కూడా రెండు దారులున్నాయి. మొదటి పెళ్ళికి పుట్టిన కొడుకు అప్పటికి 27 ఏళ్ళలోపు వయసుతో పెళ్ళికి తగినవాడై ఉంటాడు. లేదా 51 ఏళ్ళ తండ్రే భార్య పోయాక మళ్ళీ పెళ్ళి చేసుకుని ఉంటాడు. వివాహ నమోదులో వరుడు అవివాహితుడా, భార్యను కోల్పోయినవాడా అన్న గడి ఉందేమో చూడండి. ఇంగ్లండులో 1837 తర్వాతి వివాహ నమోదు పత్రాలలో ఆ గడితో పాటు తండ్రి పేరు, అతని వృత్తి కూడా ఉంటాయి. మీ నకలు కేవలం సూచిక నుంచి ఎత్తి రాసినదైతే మూల పుట చిత్రాన్ని తెప్పించుకోండి. సూచికలు తయారుచేసేవారు చాలా తరచుగా వదిలిపెట్టేది మనుషులను విడదీసే ఆ చిన్న గడులనే.

వయసుల విషయంలో ఒక హెచ్చరిక. రెండు పత్రాల మధ్య నాలుగేళ్ళ తేడా రాగానే ఇద్దరు మనుషులని తీర్మానించవద్దు. బ్రిటన్ 1841 జనగణనలో 15 ఏళ్ళు దాటినవారి వయసును అయిదు గుణిజానికి కిందికి దించి రాయమన్నారు, అంటే 34 ఏళ్ళవాడు 30 ఏళ్ళవాడిగా నమోదవుతాడు (ఆ ఆదేశాన్ని కూడా అందరూ పాటించలేదు). అమెరికాలో 1850కి ముందు జనగణనలు కుటుంబ పెద్ద పేరు మాత్రమే రాసి, మిగిలినవారిని వయసు శ్రేణులలో అంకెలుగా వదిలేశాయి. కనుక ఏ పత్రమైనా ఏ నియమాల కింద తయారైందో తెలుసుకోకుండా అందులోని అంకెలతో మనుషులను కలపడమూ విడదీయడమూ రెండూ ప్రమాదమే.

తేదీల సంగతీ అంతే. ఇంగ్లండులో 1752కు ముందు కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది గనుక, 1710 ఫిబ్రవరి అని రాసిన తేదీ మన లెక్కలో 1711 ఫిబ్రవరి అవుతుంది. ఈ ఒక్క విషయం తెలియక, తల్లిదండ్రుల పెళ్ళికి ముందే బిడ్డ పుట్టిందని భావించి, లేని ఇద్దరు మనుషులను సృష్టించినవారు ఉన్నారు. మనకు దగ్గరి చిక్కు ఇంకొకటి: ప్రభవ, విభవ అంటూ సంవత్సరం పేరు మాత్రమే ఉన్న పత్రాలు. ప్రభవ 1867లో వచ్చింది, మళ్ళీ 1927లో, మళ్ళీ 1987లో. తాత పేరు మనవడికి పెట్టే కుటుంబాలలో పేరు కూడా ఇంచుమించు అదే దూరంలో తిరిగి వస్తుంది. పేరూ సరిపోయి, ఏడాదీ సరిపోయి, మనిషి మాత్రం తాతకు బదులు మనవడు కావడం అక్కడ విచిత్రమేమీ కాదు. శక సంవత్సరమో, వారమూ తిథీ కలిపిన లెక్కో లేకుండా అటువంటి పత్రాన్ని ఎవరికీ కట్టబెట్టకూడదు. రాజుల చరిత్ర రాసేవారు కూడా ఈ కష్టం పడినవారే. తొలి కాకతీయులలో బేతరాజు, ప్రోలరాజు, మళ్ళీ బేతరాజు, మళ్ళీ ప్రోలరాజు అని వస్తారు. మనం ఇప్పుడు సులువుగా పలికే ‘మొదటి’, ‘రెండవ’ అన్న మాటలు వారి శాసనాలలో ఉన్నవి కావు. శాసనాల తేదీలనూ బిరుదులనూ బేరీజు వేసి చరిత్రకారులు తర్వాత తగిలించినవి.

మనుషులను విడదీయడానికి నేను అన్నిటికంటే ఎక్కువగా ఆధారపడేది భూమి మీద. మనిషి పేరుకు జంట ఉండవచ్చు, పొలానికి ఉండదు. 1871లో భూమి అమ్మినవాడికి ఆ భూమి ఎక్కడో ఒకచోట సంక్రమించి ఉండాలి: కొని ఉండాలి, వారసత్వంగా వచ్చి ఉండాలి, దానంగానో భార్య తరఫునో వచ్చి ఉండాలి. దస్తావేజులోని హద్దులను పట్టుకుని అదే చెక్కను వెనక్కి నడిపించండి. 1863లో మరణించినవాడి నుంచి అది వచ్చినట్టు తేలితే, ఆ ఇద్దరూ వేర్వేరు మనుషులని, వారి మధ్య వారసత్వ సంబంధం ఉందని ఒకే దెబ్బకు రుజువవుతుంది. అమ్మకంలో ఇంకెవరైనా సంతకాలు చేశారా అన్నది కూడా చూడాలి. అన్నదమ్ములో, వితంతువైన తల్లో కలిసి సంతకం పెట్టి ఉంటే, కుటుంబం మొత్తం ఒకే పుట మీద వరుసగా నిలబడినట్టే. కొన్నదీ అమ్మినదీ ఒక్కో చెక్కకు లెక్క కట్టండి. ఒకడు కొనని భూమిని అమ్మితేనో, కొన్న భూమి ఏమైందో కనిపించకపోతేనో, రెండో మనిషి అక్కడ దాగి ఉన్నాడని అర్థం.

సంతకం మరో మంచి సాక్షి. 1838లో ‘చిన్న’ తన చేత్తో సంతకం పెట్టి, 1871లో అమ్మకందారు నిశానీ మాత్రమే వేసి ఉంటే వారు ఒకరు కాకపోవచ్చు. కాకపోవచ్చు అంటున్నాను, ఎందుకంటే ముసలితనంలో చెయ్యి వణికో, చూపు మందగించో నిశానీకి దిగినవారు ఉన్నారు. దీనికి తలకిందులుగా, ముందు నిశానీ వేసినవాడు తర్వాత ధారాళంగా సంతకం చేస్తే, వారు ఇద్దరనడానికి అది మరింత బలమైన సూచన. అయితే ఈ పరీక్ష మూల పత్రం మీదే పనిచేస్తుంది. రిజిస్టరులోకి ఎత్తి రాసిన నకలులో ఉన్న సంతకాలన్నీ గుమాస్తా చేతివే.

చుట్టూ ఉన్న పేర్లను కూడా విడిచిపెట్టవద్దు. సాక్షులు, పూచీదార్లు, పొలం హద్దుల్లో పేర్కొన్న పొరుగువారు, పిల్లల బాప్తిస్మానికి నిలిచినవారు, వీలునామా అమలుకు పెట్టిన మనుషులు అందరూ కలిసి ఒక మనిషికి రెండో ఇంటిపేరు వంటివారు. ఒకే పేరున్న ఇద్దరికి ఒకే సాక్షులు, ఒకే పొరుగువారు, ఒకే వియ్యాలవారు ఉండడం చాలా అరుదు. 1821 వధువు అన్నదమ్ములు ఆ తర్వాత ఏ పత్రాలలో కనిపిస్తున్నారో గమనించండి. వారు కనిపించే పత్రాలు ఆ పెళ్ళికొడుకువి అయ్యే అవకాశం ఎక్కువ. పన్ను జాబితాలను అక్షరక్రమంలో అచ్చువేసిన ప్రతిలో చూశారేమోనని నా సందేహం. మూల జాబితా ఇంటి వరుసలో ఉంటే, ఒకే ఏడాది ఒకే పేరు రెండు చోట్ల వస్తుందా, ఎవరెవరి ఇళ్ళ మధ్య వస్తుందా అన్నది అక్కడే తెలుస్తుంది. ఒకే రోజున రెండు చోట్ల ఉన్న మనిషిని మించిన రుజువు ఈ శాస్త్రంలో లేదు.

అదే ఊరి జనం కూడా ఈ ఇద్దరి మధ్య తేడా చూపవలసిన అవసరంలో ఉండేవారని మరిచిపోకూడదు. వారు వాడిన గుర్తులు పత్రాలలో ఎక్కడో ఒకచోట మిగిలే ఉంటాయి. ఒక్కోసారి వృత్తి, ఒక్కోసారి ఇంటి ఆనవాలు, ఒక్కోసారి పొట్టి, ఎర్ర వంటి మారుపేరు. స్కాట్లండు ఈశాన్య తీరంలోని జాలరి పల్లెలలో ఇంటిపేర్లు నాలుగైదు మించి ఉండేవి కావు గనుక మారుపేర్లు అధికారిక పత్రాలలోకే ఎక్కాయి. నార్వేలో తండ్రి పేరుకు తోడు మనిషి నివసించే కమతం పేరు చేర్చేవారు. అతను మరో కమతానికి మారితే ఆ పేరూ మారేది. కనుక అక్కడ పేరు మారినంత మాత్రాన మనిషి మారినట్టు కాదు. ఇంట్లో పెద్దలు చెప్పే మాటలను కూడా ఇదే జాగ్రత్తతో వినాలి. ‘పెద్దతాత’ అన్నప్పుడు తాతకు అన్ననా, తాతకు తండ్రినా ఎవరిని ఉద్దేశించారో వెంటనే అడిగి రాసుకోండి. ఏడాది తర్వాత మీకే గుర్తుండదు.

మీరు డీఎన్ఏ పరీక్ష గురించి కూడా అడిగారు. దానితో మీ సమస్య తీరుతుందని నేను ఆశ పెట్టను. తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోము ఆ వంశపు మగవారందరిలోనూ దాదాపు ఒకటే. అమెరికా అధ్యక్షుడు థామస్ జెఫర్సన్ విషయంలో 1998లో ఇదే ఎదురైంది. భార్యకు పుట్టి బతికిన కొడుకులు ఆయనకు లేనందున ఆయన పెదనాన్న ఫీల్డ్ జెఫర్సన్ వంశీకుల నమూనాలతో, ఆయన ఇంట బానిసగా ఉన్న శాలీ హెమింగ్స్ కొడుకు ఈస్టన్ వంశీకుడి నమూనాను పోల్చి చూస్తే సరిపోయింది. అయితే తండ్రి ఆ కుటుంబంలోని మగవాడని చెప్పడం వరకే ఆ పరీక్షకు చేతనైంది. ఆ మగవాడు థామస్సేననడానికి చరిత్రకారులు మళ్ళీ కాగితాల దగ్గరికే వెళ్ళి, ఆమె గర్భం దాల్చిన కాలాలలో ఆయన ఎక్కడున్నాడో లెక్క చూడవలసి వచ్చింది. మీ అభ్యర్థులు ముగ్గురూ ఒకే వంశం వారైతే వై పరీక్ష వారిని విడదీయలేదు. మిగిలిన క్రోమోజోముల పరీక్ష కొంత మేలు, కాని సగటున ఇద్దరు రెండో తరం కజిన్లు (ముత్తాత ఒకరే అయినవారు) మూడు శాతం, మూడో తరం కజిన్లు (ముత్తాత తండ్రి ఒకరే అయినవారు) ఒక శాతం లోపు డీఎన్ఏ మాత్రమే పంచుకుంటారు. మూడో తరంలో పది జంటలకు ఒక జంటకు ఏమీ కలవకపోవచ్చు. పరీక్ష చేయించదలిస్తే భర్తల వంశాన్ని వదిలి భార్యల వైపు చూడండి. 1821 వధువు పుట్టింటివారి వంశీకులతో మీకు పోలిక తగిలి, 1849 వధువు వైపు ఎవరితోనూ తగలకపోతే అది ఒక దిశ చూపుతుంది. రెండు వైపులా తగిలితే 1849 పెళ్ళికొడుకు మొదటి పెళ్ళికి పుట్టిన కొడుకై, మీరు ఆ దంపతుల సంతతై ఉండవచ్చునని ఆలోచించాలి, ఆ రెండు కుటుంబాలకు మరెక్కడా బంధుత్వం లేదని తేలితేనే.

చివరగా రాసుకునే పద్ధతి గురించి. యోహాన్ సెబాస్టియన్ బాఖ్ 1735లో తన సంగీత కుటుంబపు వంశావళి తానే తయారుచేసుకుంటూ 53 మందికి సంఖ్యలు వేశాడు. అతని తండ్రికి కవల సోదరుడు, అతని సొంత పెద్దన్న, తండ్రికి కజిన్ అయిన ఐసెనాఖ్ ఊరి ఆర్గన్ వాద్యకారుడు, ముగ్గురి పేరూ యోహాన్ క్రిస్టోఫే అయినప్పుడు వేరే మార్గం లేదు. మీరూ ‘అ’, ‘ఆ’, ‘ఇ’ అని ముగ్గురికి గుర్తులు పెట్టుకుని, తేలేవరకు పేరు వాడకండి. తండ్రికి రెట్టింపు సంఖ్య, తల్లికి దానిపై ఒకటి వేసే ప్రసిద్ధ పద్ధతి ఇక్కడ పనికిరాదు. అందులో నేరు పూర్వీకులకే సంఖ్యలుంటాయి, మీకు కావలసిన పెదనాన్నకూ దాయాదికీ ఉండవు. ఎవరివో తేలని పత్రాలకు ఒక నాలుగో కట్ట పెట్టండి. నా అనుభవంలో ఆ కట్ట ఎప్పుడూ పూర్తిగా ఖాళీ కాదు, దాన్ని ఖాళీ చేయాలన్న తొందరలోనే తప్పులు జరుగుతాయి.

ప్రస్తుతానికి నన్నడిగితే మీరు వెదకవలసినవి మూడే: 1863 మరణంలో వయసు, 1849 వివాహపు మూల పుట, 1871 అమ్మకానికి వెనుకటి దస్తావేజు. ఇవి చేతికొచ్చాక 1838 నుంచి 1849 మధ్య అదే పేరుతో మరో మరణం ఉందేమో పుట పుటా చూడండి, సూచికలో కాదు. ఆ మూడో మనిషి 1863లో పోయినవాడు కాకపోతే అక్కడే ఉంటాడని నా అంచనా. దొరికితే వివరాలు పంపండి, 1838 నాటి దస్తావేజు చిత్రంతో సహా. ఆ సాక్షి పేరు పక్కన ‘చిన్న’ అన్న మాట అదే చేతిరాతలో ఉందా, తర్వాత ఎవరైనా చేర్చారా అన్నది నేను కూడా నా కళ్ళతో చూడాలనుకుంటున్నాను.